ఒక చేతికా, రెండు చేతులకా

ధైర్యం చెప్పేవాళ్ళంటే నాకు పడదు. భుజం మీద చెయ్యేసి ఏం కాదులే అనేవాళ్ళు, నీ వయసులో నేనైతే అని మొదలుపెట్టేవాళ్ళు, మగాడివి కాదూ అని ముగించేవాళ్ళు, ముగ్గురూ ఒకటే. నా భయం పోవాలని వాళ్ళకేం ఉండదు. అది తమ కళ్ళ ముందు లేకపోతే చాలు. అలాంటివాళ్ళ మధ్య దాదాపు ఏడాది బతికాను. వాళ్ళందరిలోకీ పెద్ద గొంతు మా బావగారిది.

బావగారంటే మా అక్క భర్త. భీమవరం దగ్గర ఆయనకి మోటార్లు రీవైండింగ్ చేసే షాపుంది. చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే కాబట్టి పనికి కొదవ లేదు. ప్రతి చెరువులోనూ ఏరేటర్లుంటాయి. ప్లాస్టిక్ తెప్పల మీద ఇనుప ఫ్రేము, ఆ ఫ్రేము మీద మోటారు, మోటారు తిప్పితే తిరిగే రెక్కల చక్రాలు. ఆ చక్రాలు నీళ్ళని కొడుతూ ఉంటేనే రొయ్యకి గాలి అందుతుంది. అవి ఆగితే రొయ్యలు పైకి తేలిపోతాయి. అందుకని చెరువు ఆసాములకి లోకంలో అన్నిటికన్నా పెద్ద తప్పు కరెంటు ఆపడం.

మాది రామచంద్రపురం వైపు. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు ఇంటర్వ్యూలకి తిరిగి, చివరికి అక్క పిలిస్తే వచ్చి బావగారి షాపులో చేరాను. వచ్చిన మొదటి రోజే ఆయన నాకు ఇంజనీరు గారు అని పేరు పెట్టారు. ఆ పిలుపులో గౌరవం లేదని అర్థం కావడానికి నాకు మధ్యాహ్నం భోజనాల దాకా పట్టలేదు.

అసలు సంగతి పోయిన వానాకాలంలో జరిగింది. ఒక చెరువులో మోటారు బేరింగు శబ్దం చేస్తోందంటే వెళ్ళాం. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కుడిచేత్తో ఏరేటరు ఫ్రేము పట్టుకున్నాను. పట్టుకున్న చెయ్యి ఇక నాది కాకుండా పోయింది. వేళ్ళు వాటంతట అవే బిగుసుకున్నాయి, విప్పుదామన్నా విడవలేదు. నోరు తెరిచే ఉంది, శబ్దం రాలేదు. గట్టు మీద బావగారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ నా వైపే చూస్తున్నారు గానీ నేను పళ్ళికిలించి నవ్వుతున్నాననుకున్నారట. తర్వాత ఆయనే చెప్పారు, అదీ నలుగురి మధ్య కూర్చుని, జోకులా. చివరికి అనుమానమొచ్చి మెయిన్ లాగారు. నేను నీళ్ళలో వెనక్కి పడ్డాను.

అరచేతిలో చిన్న కాలిన మచ్చ తప్ప ఏమీ కాలేదు. భీమవరంలో ఈసీజీ తీశారు, బాగుందన్నారు. గట్టు మీద ఉన్నవాళ్ళంతా తలో షాకు కథ చెప్పారు. మా వృత్తిలో అదొక మర్యాద. ఒకడికి షాకు కొడితే మిగతావాళ్ళు తమకి కొట్టినవి చెబుతారు, ఎవరికి పెద్దది కొట్టిందో వాడు గెలిచినట్టు. బావగారు ఎప్పుడూ గెలుస్తారు. ఆ రోజు కూడా ఆయనే గెలిచారు.

మర్నాడు షాపులో ప్యానెల్ బోర్డు తలుపు తీయబోయాను. అప్పుడు మొదలైంది.

ముందు అరచేతుల్లో చెమట. తర్వాత గుండె, అది కొట్టుకోవడం నాకు చెవుల్లో వినిపించింది. తర్వాత కడుపులో ఏదో జారినట్టు. ఆ తర్వాత వేళ్ళ చివర్లు జివ్వుమనడం, పెదవుల చుట్టూ తిమ్మిరి, నాలుక మందంగా అయిపోవడం. ఎప్పుడూ ఇదే వరస. ఒక్కోసారి మోకాళ్ళు కూడా వచ్చి చేరేవి. నేను కనిపెట్టినదేంటంటే వేళ్ళు జివ్వుమనడం దగ్గరే నా బుద్ధి పని చేయడం మానేస్తుంది. ఎందుకంటే అది అచ్చం కరెంటు లీకైతే ఉన్నట్టే ఉంటుంది. తేడా లేదు. తలుపు మీద వేలు పెడితే జివ్వు. టెస్టర్ పెట్టి చూస్తే వెలగదు. మీటరు పెట్టి చూస్తే సున్నా. మళ్ళీ వేలు పెడితే మళ్ళీ జివ్వు. మీటరు అబద్ధం చెబుతోందా, నా చెయ్యి అబద్ధం చెబుతోందా? నాలుగేళ్ళు చదివిన చదువంతా మీటరు వైపు. ఒంట్లో మిగిలినదంతా చేతి వైపు.

ఇంట్లో వైద్యం మొదలైంది. అక్క నన్ను కూర్చోబెట్టి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. దడుసుకున్నప్పుడు గుండెల మీద ఉమ్ముకోలేదా అని పక్కింటావిడ అడిగింది. కరెంటు పట్టుకున్నవాడు ఉమ్ముకోవడం ఎలాగో ఆవిడే చెప్పాలి. ఎవరో పెద్దాయన తాయెత్తు మంత్రించి ఇస్తే అక్క దాన్ని నా జబ్బకి కట్టింది. రాగి రేకు చుట్టిన తాయెత్తు. కరెంటు పని చేసేవాడి ఒంటి మీద రాగి ఏమిటని నేను, అది తీస్తే ఊరుకోనని అక్క. ఈసీజీ తీసిన డాక్టరుగారు రెండోసారి వెళితే గ్యాస్ అన్నారు. మూడోసారి వెళ్ళినా గ్యాసే. మా ప్రాంతంలో మనిషి ఛాతీలో పుట్టే ప్రతిదానికీ అదే పేరు. ఆ బిళ్ళలు వేసుకుని తేన్పులు తగ్గాయి తప్ప చేతులు మారలేదు.

బావగారి వైద్యం వేరు. ఆయన నన్ను ప్రతి చెరువుకీ తీసుకెళ్ళి, నలుగురున్న చోట ముందు నన్నే ప్యానెల్ దగ్గరికి తోసేవారు. నేను ఆగితే నవ్వేవారు. "పెళ్ళిచూపులకొచ్చావేంటి బామ్మర్దీ, తలుపు దగ్గరే నిలబడ్డావు" అనేవారు. కూలీలు నవ్వేవారు. ఆసాములు నవ్వేవారు. కొన్ని ప్యానెళ్ళకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు వేలాడదీస్తారు మావాళ్ళు. అలాంటిది కనబడితే, దండం పెట్టుకుని తియ్యండి ఇంజనీరు గారూ అనేవారు. ఇంటికొచ్చాక అన్నం దగ్గర కూడా ఆ రోజు నేను ఎక్కడెక్కడ ఆగానో అక్కకి వరసగా చెప్పేవారు. అక్క వడ్డిస్తూ, తిననివ్వండి వాణ్ణి అనేది. ఆయన తినేవారు. నాకు దిగేది కాదు.

నేను ఆయన్ని ద్వేషించాను. రాయడానికి మొహమాటమేమీ లేదు. ఆయన బూట్ల చప్పుడుని, గుట్కా నములుతూ ఒక పక్కకి వంచే మూతిని, నా మీటరుని పట్టుకుని వేళ్ళ మధ్య ఆడించడాన్ని ద్వేషించాను. ద్వేషంలో ఒక సుఖం ఉంది, అది ఉన్నంతసేపు భయం కొంచెం పక్కకి జరుగుతుంది. కానీ చేతుల వణుకు రెండిటికీ ఒకటే.

చివరికి అక్క పట్టుబట్టి నన్ను రాజమండ్రి తీసుకెళ్ళింది. అక్కడ ఒక డాక్టరమ్మ ఉన్నారని ఎవరో చెప్పారట, మనసుకి సంబంధించినవి చూస్తారని. బస్సులో అక్క ఈ మాట ఎవరికీ తెలియనివ్వకూడదని చెబుతూనే ఉంది. బావగారికి తలనొప్పి పరీక్ష అని చెప్పింది. వంతెన మీద బస్సు ఆగిపోతే, కింద గోదావరిని చూస్తూ, నేను పిచ్చివాడినని మా అక్కే ఒప్పుకుందన్నమాట అనుకున్నాను. ఆ రోజు అక్క మీదా కోపమే.

డాక్టరమ్మ పెద్దావిడ. తియ్యటి మాటలు లేవు. ఆవిడ గదిలోకి వెళ్ళేటప్పుడు నాకు కావలసిందల్లా ఒక స్కాను, ఒక రిపోర్టు, అందులో ఒక అంకె. ఆవిడ అవేవీ రాయలేదు. నేను చెప్పినదంతా విని ఒకటే అడిగారు.

"ఆ జివ్వుమనడం ముట్టుకున్న చేతికేనా, రెండు చేతులకీనా?"

నేను ఎప్పుడూ చూసుకోలేదు. ముట్టుకున్న చేతి మీదే ధ్యాస ఉండేది కదా. తెలియదన్నాను. ఆవిడ గోడ గడియారం చూపించి, ఒక నిమిషంపాటు వేగంగా, లోతుగా ఊపిరి పీల్చి వదలమన్నారు. కుక్క ఎగరోజినట్టు. అక్క ముందు. నాకు ఒళ్ళు మండింది. అయినా చేశాను, చెయ్యకపోతే భయపడ్డానంటారని. నిమిషం పూర్తి కాకుండానే వచ్చేశాయి: చెమట, గుండె, పెదవులు, నాలుక. వేళ్ళు. రెండు చేతుల వేళ్ళూ. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. చుట్టుపక్కల ఒక్క వైరు లేదు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది, కుడిచెయ్యి గాల్లో ఉంది. రెండూ సమానంగా జివ్వుమంటున్నాయి.

భయపడ్డ ఒళ్ళు పరిగెత్తడానికి తయారవుతుందనీ, పరిగెత్తకుండా నిలబడి ఊపిరి మాత్రం పరిగెత్తిస్తే ఇలాగే అవుతుందనీ, ఇది గుండె కాదు, గ్యాసూ కాదనీ చెప్పారు. ఊపిరి వదలడం పీల్చడం కన్నా నిదానంగా ఉండాలి, ఇంట్లో రోజూ చెయ్యి అన్నారు. భయం పోతుందా అని అక్క అడిగింది. పోదమ్మా, దేన్ని చూసి భయపడాలో తెలుస్తుంది అన్నారావిడ. ఈ మాటకి నేను ఇంకా చిరాకు పడ్డాను. ఇంత చదివి, ఇంత దూరం వచ్చి, ఊపిరి పీల్చడం నేర్చుకుని వెళుతున్నాను.

అయినా ఇంటికొచ్చి చేశాను. మేడ మీద నీళ్ళ ట్యాంకు వెనక, పొద్దున పూట, ఎవరూ చూడకుండా. బావగారు ఒకసారి చూశారు. సిగరెట్ అలవాటైందనుకున్నారు, నేనూ ఆ అనుమానాన్ని అలాగే ఉంచాను.

ఈలోగా ఆయన ఓపిక అయిపోయింది. ఇకపై చెరువులో దిగి పని చేస్తే చెయ్యి, లేదంటే నీ బస్సు నువ్వెక్కు అని అన్నం దగ్గరే చెప్పేశారు. అక్క నా కంచంలో పెరుగు వడ్డించింది. ఇంటికెళ్ళి నాన్నకి ఏం చెప్పాలో ఆలోచిస్తూ ఆ పూట పెరుగన్నం కలుపుతూ కూర్చున్నాను. ఉద్యోగం దొరక్క వెళ్ళినవాడు, ఉన్నదీ పోగొట్టుకుని, అదీ భయపడి తిరిగొచ్చాడని మా వీధిలో అందరికీ తెలుస్తుంది. అంతకన్నా పెద్ద విషయం ఇంకోటుంది. ఒకసారి ఇలా వెనక్కి వెళితే ఇక ఏ ప్యానెల్ తలుపూ జీవితంలో తీయలేనని నాకు తెలుసు. నాకు వచ్చిన పని అదొక్కటే.

తర్వాతి వారమే ఆ చెరువు పని వచ్చింది.

ఆ చెరువు ఆసామి బావగారికి పాత ఖాతాదారు. గట్టు మీద చిన్న మకాం ఉంది, అంటే రేకుల పాక, కాపలా మనిషి పడుకోవడానికీ మేత బస్తాలు పెట్టడానికీ. మకాం గోడకే ప్యానెల్ బోర్డు. మేం వెళ్ళేసరికి ఆసామి ఇంకా రాలేదు. కాపలా మనిషి ఒక్కడే ఉన్నాడు. నడివయసు వాడు, సముద్రం వైపు చేపలు పట్టే కుటుంబం, నీళ్ళంటే లెక్క లేదు. చెరువులో ఒక ఏరేటరు రెక్కలకి పాత వల ముక్క చుట్టుకుని చక్రం ఆగిపోయింది. దిగి కోసెయ్యాలి. నిన్న మధ్యాహ్నం తానే దిగబోయి ఫ్రేము ముట్టుకుంటే చెయ్యి జివ్వుమందనీ, అందుకే మానేసి ఫోన్ చేయించాననీ చెప్పాడు.

ఆ ఒక్క ముక్క చాలు నాకు. చెమట, గుండె, కడుపు.

ఆ ఏరేటరు స్టార్టరు ఆపాను, మిగతావి తిరుగుతూనే ఉన్నాయి. మీటరు తీసి ఒక తీగ గట్టు బురదలో గుచ్చి, రెండోది ప్యానెల్ ఇనుప తలుపుకి ఆనించాను. తలుపూ, చెరువులో ఏరేటర్ల ఫ్రేములూ అన్నీ ఒకే ఎర్త్ వైరుకి కలిసి ఉంటాయి. అక్కడ కరెంటు ఉంటే ఇక్కడా ఉండాలి. సున్నా. స్టార్టరు ఆన్ చేసి చూశాను. సున్నా. మళ్ళీ ఆపి చూశాను. సున్నా.

బావగారు నా భుజం మీదుగా వంగి అంకె చూశారు. "ఏంటి ఇంజనీరు గారూ, మీ మీటరు కూడా మీ మాట వినట్లేదే" అన్నారు.

నాకు చేతులు జివ్వుమంటూనే ఉన్నాయి. ప్యానెల్ లోపల చూస్తే, కరెంటు లీకైతే దానంతట అదే పడిపోవాల్సిన స్విచ్చి ఒకటి ఉండాలి, దాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేసి ఉన్నాయి. ఇదెవరు చేశారని అడిగాను. బావగారు తానే చేశానన్నారు. ఊరికే పడిపోతోంది, ఏరేటర్లు ఆగిపోతున్నాయి అని ఆసామి గోల పెడితే పీకేశారట. ఎందుకు పడిపోతోందో చూశారా అన్నాను. ఆయన మొహం మారింది. చూడ్డానికి నాకు నీలాగా ఖాళీ లేదన్నారు.

అప్పుడే ఆసామి బండి దిగారు. ఎండన పడి వచ్చారు, తెల్ల చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఇంకా అవలేదా అంటూ మకాంలోకి వెళ్ళి, మంచం మీద కూర్చుని ఫ్యాను వేసుకున్నారు. లోపలి నుంచే మాట్లాడటం మొదలుపెట్టారు. వల కొయ్యడానికి ఇంతసేపా, ఈ కుర్రాడేనా ఆ షాకు కొట్టిన కుర్రాడు, ఇంకా దడుపు తీరలేదా. బావగారు నవ్వుతూ, మా వాడికి దడుపు కాదండి, చదువు ఎక్కువైందండి అన్నారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఫ్యాను గాలికి ఆసామి చొక్కా ఆరుతోంది.

బావగారు నా వైపు తిరిగారు. నవ్వు లేదు. "దిగుతావా, బస్సెక్కుతావా?"

దిగుతానన్నాను. ఒక్క నిమిషం ఆగమన్నాను. ఆ నిమిషం ఆయన ఇవ్వలేదు. కాపలా మనిషి వైపు తిరిగి, నువ్వు దిగరా, ఈయన ముహూర్తం చూసుకుని వచ్చేలోగా సాయంత్రమవుతుంది అన్నారు. స్టార్టరు ఆపి ఉంది, మీటరు సున్నా చూపించింది, ఇంకేం కావాలి అన్నారు. ఆ మనిషి నా మొహం చూశాడు, ఆయన మొహం చూశాడు. లుంగీ పైకి కట్టి, కత్తి నోట కరుచుకుని, నీళ్ళలోకి దిగాడు.

నేను ప్యానెల్ ముందు నిలబడి ఉన్నాను. గట్టు మీద ముగ్గురు మనుషుల్లో ఇద్దరు నన్ను తిడుతున్నారు, మూడోవాణ్ణి నేను. రెండు చేతులూ కిందికి వదిలేశాను. ఊపిరి వదిలాను, నిదానంగా. మళ్ళీ. జపం చేస్తున్నాడండీ అని బావగారు అన్నట్టు గుర్తు. మళ్ళీ వదిలాను. పెదవుల చుట్టూ తిమ్మిరి ముందు పోయింది. తర్వాత ఎడమచేతి వేళ్ళు. తర్వాత కుడిచేతివి. చేతులు రెండూ మామూలు చేతుల్లాగా, బరువుగా, వేలాడుతున్నాయి. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంది, దాన్ని వదిలేశాను.

అప్పుడు కుడిచెయ్యి తిప్పి, వెనక వైపు ప్యానెల్ తలుపుకి ఆనించాను. మా పనివాళ్ళందరికీ ఉన్న అలవాటే. వెనక వైపైతే, కరెంటు ఉన్నా వేళ్ళు బిగుసుకుని పట్టుకోవు.

జివ్వుమంది. సన్నగా, చీమలు పాకినట్టు. చెప్పులున్నాయి కాబట్టి అంతే.

ఎడమచెయ్యి చూశాను. దానిలో ఏమీ లేదు.

కుడిచెయ్యి తీశాను. పోయింది. ఎడమచెయ్యి ఆనించాను. ఎడమచేతికే. కుడిచేతిలో ఏమీ లేదు.

ఆ క్షణంలో నాకు కలిగినది ధైర్యం కాదు. కోపం. మెయిన్ ఆపుతున్నా, ఫ్రేము ముట్టుకోకు అని నీళ్ళలోకి అరిచి మెయిన్ లాగేశాను. చెరువంతా నిశ్శబ్దమైంది. ఒక్కసారిగా ఏరేటర్లన్నీ ఆగితే ఆ నిశ్శబ్దం చాలా పెద్దది. చక్రాలు ఇంకో రెండు చుట్లు తిరిగి, నీళ్ళు కారుతూ నిలబడిపోయాయి. నడుం లోతు నీళ్ళలో కాపలా మనిషి, ఆగిపోయిన ఆ ఏరేటరుకి రెండు బారల దూరంలో, కత్తి నోట్లో పెట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.

ఆసామి మకాంలోంచి బయటికొచ్చారు. ఆయన మొదటి మాట రొయ్యల గురించి కూడా కాదు. ఫ్యాను ఎందుకు ఆపావన్నారు. తర్వాత రొయ్యలు గుర్తొచ్చాయి. ఎవడాపమన్నాడు, ఎవడి చెరువనుకుంటున్నావు, ఒక్క గంట ఇవి ఆగితే ఏమవుతుందో నీకు తెలుసా అని మీదికొచ్చారు. బావగారు ఆయనకన్నా ముందు నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. మీటరే సున్నా చూపించింది కదరా, నీ పిరికితనానికి చెరువు చంపుతావా అన్నారు.

కానీ నేను అప్పటికి ఆసామి మాట దగ్గరే ఆగిపోయి ఉన్నాను. ఫ్యాను. ఇందాక నేను మీటరు పెట్టినప్పుడు ఫ్యాను తిరగడం లేదు.

మకాంలోకి వెళ్ళాను. ఫ్యానుకి వచ్చే వైర్లు పట్టుకుని వెనక్కి వెళితే, ఒకటి ప్యానెల్ లోపలికే పోయింది, సరిగ్గానే ఉంది. రెండోది గోడ బెజ్జంలోంచి బయటికొచ్చి ఎర్త్ వైరుకి చుట్టి ఉంది. తిరిగి వెళ్ళే కరెంటుకి ప్యానెల్ దాకా ఇంకో వైరు లాగడం బద్ధకమై ఎవరో దగ్గర్లో ఉన్న ఎర్త్ వైరుకి కట్టేశారు. మా వైపు ఇది మామూలే, బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఎర్త్ రాడ్డు భూమిలో గట్టిగా ఉన్నంతకాలం. గట్టు పక్కన రాడ్డు దగ్గర గడ్డి తప్పించి చూశాను. ఉప్పు నీళ్ళ గట్టు కదా. క్లాంపు తుప్పుపట్టి పొడిపొడిగా ఊడి వచ్చింది నా చేతిలోకి. వైరు గాల్లో ఉంది. ఇక ఫ్యానులోంచి వచ్చే కరెంటుకి దిగడానికి రాడ్డు లేదు. ఎర్త్ వైరు పట్టుకుని చెరువులో ప్రతి ఫ్రేముకీ పాకి, తడి రెక్కల మీదుగా ఉప్పు నీళ్ళలోకి దిగుతుంది, అందుకే ఫ్యాను ఆగలేదు. మోటార్లు ఆపినా సరే, ఫ్యాను తిరిగినంతసేపూ. బావగారు పీకేసిన స్విచ్చి ఊరికే పడిపోయిందీ ఇందుకే. నిన్న మధ్యాహ్నం ఆ మనిషి ఫ్యాను కింద పడుకుని లేచి, దాన్ని ఆపకుండా నీళ్ళలోకి దిగి ఉంటాడు.

ఇదంతా నోటితో చెబితే వినరని తెలుసు. కాపలా మనిషిని గట్టెక్కమని, ఫ్యాను స్విచ్చి ఆపి మెయిన్ పెట్టాను. మీటరు మళ్ళీ బురదకీ తలుపుకీ మధ్య పెట్టి, బావగారి చేతికిచ్చాను. మకాంలోకి వెళ్ళి ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి పెట్టి, ఎంతుందో చదవండి అన్నాను.

"సున్నా," అన్నారు.

ఫ్యాను వేశాను. చదవండి బావగారూ అన్నాను. ఇంకోసారి అన్నాను. ఆయన చదవలేదు. ఆసామి వంగి చూశారు. ఆపేశాను. మళ్ళీ వేశాను. మళ్ళీ ఆపేశాను. పిల్లలు ఆడినట్టు ఆడాను స్విచ్చితో, బావగారి మొహం కిటికీలోంచి చూస్తూ. ఆపు ఇంక అన్నారు చివరికి.

ఫ్యాను వైరు తెంపి పక్కన పెట్టి ఏరేటర్లు నడిపించాం. కొత్త రాడ్డు, కొత్త క్లాంపు మధ్యాహ్నానికి వేశాం. తీసేసిన లీకేజీ స్విచ్చి తిరిగి పెట్టేదాకా నేను కదలనన్నాను. మళ్ళీ పడిపోతే ఎవడిది బాధ్యత అని ఆసామి. పడిపోతే ఫోన్ చెయ్యండి, పీకమని మాత్రం చెప్పకండి అన్నాను. ఈ కుర్రాణ్ణి ఇంకోసారి నా చెరువు మీదికి తీసుకురావద్దని బావగారికి నా ముందే చెప్పారాయన. నా మొహం వైపు చూడలేదు. కృతజ్ఞతలు నేనూ ఎదురుచూడలేదు, కానీ ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సామాన్లు సర్దుకుంటుంటే బావగారు నా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా, మొత్తానికి నీ భయం ఇవాళ పనికొచ్చిందిరా అన్నారు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే. నాకు ఇంకా మండింది. భయంతో ఉన్నంతసేపు నాకు రెండు చేతులూ ఒకేలా ఉన్నాయండి, అది తగ్గాకే తెలిసింది, తగ్గడానికి మీరు ఒక్క నిమిషం కూడా ఇవ్వలేదు, ఆ మనిషిని దింపారు అన్నాను. ఇంత పొడుగు వాక్యం ఆయనతో నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన బండి దగ్గరికి వెళ్ళిపోయారు.

కాపలా మనిషి గట్టు మీద నిలబడి ఉన్నాడు. లుంగీ ఇంకా కారుతోంది. మీటరు ఆటంతా చూశాడు, తాను ముట్టుకోబోయింది ఏమిటో అతనికి ఇప్పుడిప్పుడే ఎక్కుతోంది. నల్లటి మొహం బూడిదలా పాలిపోయింది. రెండు చేతులూ ముందుకి చాచి చూసుకుంటున్నాడు.

"నాకూ పట్టేసిందంటారా అండి? జివ్వుమంటున్నాయి."

"ఒక చేతికా, రెండు చేతులకా?"

వింత ప్రశ్నలా చూశాడు. వేళ్ళు కదిపి చూసుకున్నాడు. "రెండిటికీనండి. మూతి దగ్గర కూడా."

"అయితే కరెంటు కాదు. కూర్చోండి."

కూర్చున్నాడు. నేనూ గట్టు మీద, తడి గడ్డిలో, అతని పక్కన కూర్చున్నాను. ఊపిరి ఎలా వదలాలో చెప్పాను, డాక్టరమ్మ నాకు చెప్పినట్టే, తియ్యటి మాటలేమీ లేకుండా. ఏం కాదులే అనలేదు. అతను ఒకటి పీల్చాడు, ఒకటి వదిలాడు, ఎక్కిళ్ళు వచ్చినట్టు మధ్యలో తెగిపోయింది. మళ్ళీ చెయ్యమన్నాను. బావగారు బండి స్టార్ట్ చేసి హారన్ కొట్టారు. ఇంకోసారి కొట్టారు. అక్కడి నుంచే, వాడికి కూడా అంటించావా ఏంటి నీ జబ్బు, రా ఇంక అని అరిచారు.

నేను వెనక్కి తిరగలేదు. కుడిచేతి వేళ్ళకి తగ్గిందా అని ఆ మనిషిని అడిగాను. ఇంకా లేదన్నాడు. అయితే మళ్ళీ వదలండి అన్నాను.